ఒంటికాలి మీద పన్నెండు కిలోలు

ముందే చెప్తున్నాను, మధ్యలో ఎవరైనా నవ్వితే ఆపేస్తాను. ఇది ఒక మగాడు తన వాలుకుర్చీ కోసం చేసిన పోరాటం. ఓడిపోయానని నా మొహం చూస్తేనే మీకు తెలిసిపోతోంది. ఎలా ఓడిపోయానో వింటే మీలో ఒకరిద్దరైనా జాగ్రత్తపడతారని చెప్తున్నాను.

నా పని మీకు తెలిసిందే. తూకం యంత్రాలు బాగుచేస్తాను. నగల కొట్టులో చిన్న త్రాసు దగ్గర్నుంచి లారీలు ఎక్కే కాటా దాకా ఏది మొండికేసినా నన్నే పిలుస్తారు. అందరూ 'కాటా మాస్టారు' అంటారు. ఇరవై ఆరేళ్లలో నేను సరిచేసి సీలు వేసిన కాటా ఒక్కటీ తప్పు బరువు చూపించలేదు. ఆ ఒక్క విషయంలో నాకు కాస్త పొగరు.

మా ఆవిడ డాన్సు టీచరు. ఏడో ఏట మొదలెట్టింది, నలభై ఎనిమిదో ఏట కూడా ఆపలేదు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మా హాల్లో క్లాసు.

మొదట్లో ఆరుగురే పిల్లలు. హాల్లో ఒక మూల నేనూ, నా కుర్చీ, నా పేపరూ సుఖంగా ఉండేవాళ్లం. ఎనిమిది మంది అయ్యాక టీవీ పడకగదిలోకి వెళ్లింది. పది మంది అయ్యాక బల్ల వంటింట్లోకి వెళ్లింది. పద్నాలుగో పిల్ల చేరిన రోజు నేను పని నుంచి వచ్చి చూస్తే, నా వాలుకుర్చీ బాల్కనీలో తడి దుప్పటి కింద ఉంది.

"ఏమోయ్, కుర్చీ ఇక్కడుందేంటి?"

"గాలి తగలాలని."

"దానికా?"

"మీకు."

నాకు ఒళ్లు మండింది. "అయినా ఒంటికాలి మీద నిలబడటానికి అంత హాలెందుకోయ్? ఒక్కో కాలికి జానెడు చోటు చాలు. కొంగలు నిలబడట్లేదూ? వాటికేమైనా టీచర్లున్నారా?"

పద్నాలుగు మంది పిల్లలూ డాన్సు ఆపి నన్ను చూశారు. మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. అలా పెట్టుకుందంటే అవతలివాడి పని అయిపోయినట్టే.

"అయితే మీరూ నిలబడి చూపించండి. పిల్లలు నేర్చుకుంటారు."

క్లాసులో అందరికంటే చిన్నది ఒకతి ఉంది. ఎప్పుడూ గట్టిగా అంకెలు లెక్కపెడుతూ ఉంటుందని దానికి నేను 'గడియారం' అని పేరు పెట్టాను. నేను కాలు ఎత్తగానే అది మొదలెట్టింది. "ఒకటి, రెండు, మూడు..."

నాలుగు వినబడేసరికి నేను చెప్పుల స్టాండు మీద ఉన్నాను. స్టాండు నా కింద ఉంది. చెప్పులు మాత్రం మా ఇద్దరి మీదా ఉన్నాయి.

"నేల నున్నగా ఉంది," అన్నాను లేస్తూ.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అంది మా ఆవిడ.

అక్కడితో ఊరుకుంటే ఇంత కథ లేదు. అంతకు నెల ముందు కాలేజీలో ఒక లాబ్‌కి పనిమీద వెళ్లాను. అక్కడొక డాక్టరమ్మ డాన్సర్లు ఒంటిని ఎలా నిలబెట్టుకుంటారో పరిశోధన చేస్తోంది. నేల మీద ఒక ఇనుప పలక ఉంటుంది. దాని మీద మనిషి నిలబడితే ఎటు ఎంత ఊగుతున్నాడో స్క్రీను మీద గీత పడుతుంది. ఆ పలకని సరిచేసి సీలు వేసింది నేనే. మాటల్లో "మా ఆవిడ కూడా డాన్సరేనండీ" అని చెప్పిందీ నేనే. అందుకే శనివారం పొద్దున రమ్మని మా ఆవిడకి కబురొచ్చింది.

నేను డాక్టరమ్మకి ఫోను చేశాను. "మేడమ్, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా. ఈ డాన్సర్లు అసలు తడబడరా?"

"ఎందుకు తడబడరండీ? ఏళ్ల తరబడి అద్దం చూసుకుంటూ నేర్చుకుంటారు కదా. కళ్లు మూయిస్తే కొందరు మనలాగే తూలతారు."

చాలు. నాకు అంతకంటే ఏం అక్కర్లేదు. ఇంటికెళ్లి పందెం పెట్టాను.

"శనివారం ఆ పలక మీద తేల్చుకుందాం. ఒంటికాలు, కళ్లు మూసుకుని. ఎవరు ఎక్కువసేపు ఉంటే ఐదు నుంచి ఏడు దాకా హాలు వాళ్లది. నువ్వు గెలిస్తే జన్మలో కుర్చీ మాట ఎత్తను."

"కళ్లు మూసుకునా?"

"ఏం, భయమా?"

హాలు పోతే క్లాసు పోయినట్టే. ఇంకో చోటు దొరకదని మా ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. హాలు చుట్టూ ఒకసారి చూసి, "సరే," అంది చిన్నగా. ఆ 'సరే'లో భయం వినబడి నాకు సంతోషమేసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది గానీ అప్పుడు సంతోషమే వేసింది.

ఇక నా సంగతి. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు పడిపోయే మనిషిని, గెలవడం ఎలా? మా పనిలో ఒక సూత్రం ఉంది: అడుగున బరువుంటే పైన ఊగదు. కొట్లో ఉండే పెద్ద త్రాసు స్టాండు చూడండి, పిల్లలు ఎక్కి ఊగినా పడదు. ఎందుకు? అడుగున ఇనుము. మరి మనిషికి ఎందుకు పనికిరాదు?

కాళ్లకి కడదామంటే పలక ఎక్కేముందు ప్యాంటు మోకాళ్ల దాకా మడతపెట్టిస్తారట. అందుకని గుడ్డతో ఒక బెల్టు కుట్టి, దానికి ఆరు జేబులు పెట్టి, ఒక్కో జేబులో రెండేసి కిలోల రాయి వేశాను. మేం తూకానికి వాడే ఇనప దిమ్మల్ని రాళ్లనే అంటాం లెండి. బెల్టు నడుం కింద కట్టి, పైన వదులు చొక్కా వేసుకుని నా కొట్లో నిలబడి చూశాను. ఇరవై లెక్కపెట్టేదాకా ఉన్నాను! గోడ పట్టుకునే ఉన్నాననుకోండి, కానీ ఉన్నాను.

శనివారం మా ఆవిడతో లాబ్‌కి బయల్దేరాను. అడుగు వేస్తే చాలు, టంగ్‌మని చప్పుడు.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"జేబులో తాళాలు."

"ఎన్ని ఇళ్లవి?"

నేను దగ్గినట్టు నటించాను.

పోల్చి చూడటానికి డాన్సు రానివాళ్లు కూడా కావాలంటూ లాబ్‌లో డాక్టరమ్మ ఇద్దరికీ చెరో ఫారం ఇచ్చింది. వయసు, ఎత్తు, బరువు రాయాలి. బరువు దగ్గర నేను అందరిలా 'సుమారు' అని రాసే మనిషిని కాదు. డెబ్బై కిలోల రెండువందల గ్రాములు అని రాసి, కింద గీత కూడా గీశాను.

ముందు మా ఆవిడ ఎక్కింది. కళ్లు మూసి, కాలెత్తింది. ఆరు లెక్కపెట్టేసరికి తూలి కాలు దించేసింది! నా గుండెల్లో బాజాలు మోగాయి. కుర్చీ బాల్కనీ నుంచి నడిచి వస్తున్నట్టు కనిపించింది.

"ఇది అలవాటు కోసమండీ. దీన్ని లెక్కలోకి తీసుకోను," అంది డాక్టరమ్మ.

బాజాలు ఆగిపోయాయి.

రెండోసారి మా ఆవిడ కాసేపు ఊరికే నిలబడింది. ఊపిరి వదిలింది. కాలెత్తింది. నేను ఆవిడ పాదాన్నే చూస్తున్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు. పాదం కదలకుండా లేదండీ. వేళ్లు పట్టు బిగిస్తున్నాయి, వదులుతున్నాయి. చీలమండ దగ్గర సన్నగా వణుకుతోంది. నడుం పైన మాత్రం ఏమీ తెలియట్లేదు. నలభై ఏడు సెకన్లు ఉంది. స్క్రీను మీద గీతంతా కలిపి బొటనవేలి గోరంత కూడా లేదు.

"చూశారా మాస్టారూ," అంది డాక్టరమ్మ. "వీళ్లు ఊగరని కాదు. ఊగబోతున్నామని మనకంటే ముందు వీళ్లకి తెలుస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే సర్దుకుంటారు. మనం పెద్దదయ్యాక సర్దుకోబోయి పడతాం."

"నా వంతు," అన్నాను.

పలక ఎక్కాను. ఎక్కగానే స్క్రీను మీద పెద్ద అక్షరాల్లో ఒక అంకె వచ్చింది. ఎనభై రెండున్నర.

పలక అన్నాక బరువు చూపించదా? ఇరవై ఆరేళ్లుగా కాటాలతో కాపురం చేస్తున్నవాణ్ణి. ఆ పలకని నా చేతులతో సరిచేసినవాణ్ణి. ఒంటికి పన్నెండు కిలోలు కట్టుకుని దర్జాగా వచ్చి కాటా ఎక్కాను! ఈ తెలివితక్కువ పని ఇంకెవరు చేసినా ఫరవాలేదు, తెలియక చేశారనుకోవచ్చు.

డాక్టరమ్మ ఫారం చూసింది, స్క్రీను చూసింది. "డెబ్బై అని రాశారు. పన్నెండు కిలోల తేడా వస్తోందే? పలక పాడైందంటారా? నెల కిందట మీరేగా సరిచేసింది?"

నోట్లో వెలక్కాయ పడింది. పలక తప్పంటే నా సీలు తప్పు, ఇరవై ఆరేళ్ల పేరు గంగలో కలుస్తుంది. పలక ఒప్పంటే నా నడుం బెల్టు విప్పి చూపించాలి. ఒక్క క్షణం ఆలోచించి చెప్పాను.

"పలకలో తేడా లేదండీ. ఫారంలోది పాత లెక్క. ఈ మధ్య కాస్త ఒళ్లు చేశాను."

"పన్నెండు కిలోలా?"

"ఎముకలు బరువు."

మా ఆవిడ వైపు చూశాను. నా మొహం వంక, చొక్కా వంక, మళ్లీ మొహం వంక చూసింది. ఏమంటుందోనని నా ప్రాణం గిలగిలలాడుతోంది.

"నిజమేనండీ," అంది డాక్టరమ్మతో. "ఈ మధ్య మరీ లావైపోయారు. నేనూ చూస్తూనే ఉన్నాను."

అబ్బ! ఎంత అమాయకురాలో అనుకున్నాను. అనుకుని కళ్లు మూసి కాలెత్తాను. ఒకటి... రెండు... బెల్టు ఎడమవైపుకి జారింది. బెల్టు వెంట రాళ్లు వెళ్లాయి, రాళ్ల వెంట నేను వెళ్లాను. కింద పరుపు వేసి ఉంది కాబట్టి బతికాను. లాబ్‌లో గాజు సామానంతా గలగలమంది.

మూడు సెకన్లు. స్క్రీను మీద గీత చంటిపిల్లాడు పెన్సిలు దొరికించుకుని గోడంతా గీసినట్టుంది.

డాక్టరమ్మ నన్ను లేపి, పుస్తకంలో ఏదో రాసుకుని, గంభీరంగా అంది. "మాస్టారూ, ఈ బరువుతో ఈ నిలకడ మంచిది కాదు. పడితే ఎముకలు విరుగుతాయి. డాన్సు రానివాళ్లకి మూడు నెలలు నేర్పిస్తే ఎంత మారతారో కూడా నేను చూడాలి. మీరు మీ ఆవిడ క్లాసులో చేరితే నాకూ సాయంగా ఉంటుంది. తిండి కూడా తగ్గించాలి."

"అబ్బెబ్బె, నాకెందుకండీ..."

"ఎనభై రెండున్నరండీ," అంది మా ఆవిడ, ఎంతో దిగులుగా. "వద్దంటే ఎలా?"

నేను ఎనభై రెండున్నర కాదని చెప్పాలంటే రాళ్ల సంగతి చెప్పాలి. తూకంలో మోసం చేసిన కాటా మాస్టారు! బజార్లో తలెత్తుకుని తిరగగలనా? తల ఊపాను.

ఆ మూడు నెలలు నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. మొదటిరోజు భోజనానికి కూర్చుంటే కంచంలో నాలుగు ఉడకబెట్టిన క్యారెట్ ముక్కలు, రెండు ఆకులు.

"మిగతాది ఏది?"

"మిగతాది మీ ఒంట్లో ఉందిగా. పన్నెండు కిలోలు."

నమిలాను.

సాయంత్రం ఐదింటికి నేను వెనక వరసలో నిలబడాలి. నా ముందు పద్నాలుగు జడలు. మోకాళ్లు వంచమంటే నావి వంగేటప్పుడు చప్పుడు చేసేవి, పిల్లలు దాన్ని తాళం అనుకుని అడుగు వేసేవాళ్లు. గడియారం నా పక్కకి వచ్చి నిలబడి, ఎంతో పెద్దరికంగా చెప్పేది.

"బాబాయ్, కిందికి చూడకు. ఎదురుగా ఒక చుక్క పెట్టుకో. దాన్నే చూడు."

"చుక్క ఎక్కడుందే?"

"నువ్వే పెట్టుకోవాలి, బాబాయ్. అందరికీ ఒకే చుక్క ఉండదు."

మొదటివారం ఐదు. రెండోవారం ఎనిమిది. నెల తిరిగేసరికి పద్నాలుగు దాకా లెక్కపెట్టింది గడియారం, పెట్టి చప్పట్లు కూడా కొట్టింది. ఆ రోజు నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి. మర్నాడు కొట్లో పెద్ద కాటా ముందు నిలబడి, ఎవరూ చూడట్లేదని కాలెత్తాను. ఇద్దరు ఖాతాదారులు గుమ్మంలో నుంచే వెనక్కి వెళ్లిపోయారు.

మధ్యమధ్యలో మా ఆవిడ నా పక్కన కూర్చుని మెత్తగా అడిగేది. "ఏవండీ, నాతో ఏమైనా చెప్పాలా?"

"ఏముంది చెప్పడానికి?"

"ఏం లేకపోతే సరే," అని ఇంకో రెండు క్యారెట్ ముక్కలు వడ్డించేది.

మూడు నెలలయ్యాక మళ్లీ లాబ్‌కి వెళ్లాం. పలక ఎక్కాను. అరవై ఐదు కిలోల నాలుగువందలు. కళ్లు మూసి, కాలెత్తాను. ఇరవై తొమ్మిది సెకన్లు! కిందికి దిగి చూస్తే మా ఆవిడ కళ్లల్లో నీళ్లు. నిజంగానే గర్వం. నా వంక ఆవిడ అలా చూసి ఎన్నేళ్లయిందో!

డాక్టరమ్మ కలం తీసింది. "అయితే మాస్టారూ, పదిహేడు కిలోలు తగ్గారన్నమాట. ఇది పరిశోధనలో రాసేయమంటారా?"

కలం కాగితం మీదికి దిగుతోంది. చూస్తూ ఉండలేకపోయానండీ. నేను సీలు వేసిన పలక, నా మూలంగా, అబద్ధపు బరువు ఒకటి పుస్తకాల్లోకి ఎక్కించబోతోంది. పరువు పోతే పోయిందనిపించింది.

"ఆగండి మేడమ్! రాయకండి. ఆ రోజు నా నడుముకి పన్నెండు కిలోల రాళ్లున్నాయి. బెల్టు ఇంకో మూడువందల గ్రాములు. పలకది తప్పు లేదు, తప్పు నాది."

చెప్పేసి తల దించుకున్నాను. డాక్టరమ్మ పాత పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. మూడు నెలల కిందటి తారీకు. నా పేరు. పక్కన: 'బరువు 82.5. నడుముకి రాళ్లు కట్టుకుని వచ్చారు. విప్పాక మళ్లీ తూచాలి.'

"మీకు... తెలుసా?"

"మీరు పడ్డప్పుడు వచ్చింది మనిషి పడ్డ చప్పుడు కాదు మాస్టారూ."

మా ఆవిడ వైపు తిరిగాను. "నీకూ తెలుసా?"

"తాళాలన్నప్పుడే తెలుసు. నడుం చుట్టూ తాళాలేంటి?"

"మరి పిల్లలకి?"

"రెండోరోజే చెప్పాను. గడియారమైతే మీకు రాళ్లేసే జేబులున్న చొక్కా కుట్టిద్దామంది."

అంటే ఇంటా బయటా అందరికీ తెలిసిన రహస్యాన్ని దాచడానికి నేను మూడు నెలలు క్యారెట్లు తిన్నాను!

"ఇంత మోసం చేస్తావా నన్ను?" అన్నాను. అన్నాక ఆ మాట ఎవరు అనాల్సిందో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను.

బయటికొచ్చాక మా ఆవిడ అంది. "ఆ రోజు ఇంటికెళ్లేలోపు ఒక్క మాట చెప్తారేమో అని చూశాను. నవ్వేసి ఊరుకునేదాన్ని. మర్నాడు చెప్తారేమో అనుకున్నాను. క్లాసు తీసేయించడానికి అంత బరువు మోసుకొచ్చారే అని మనసుకి కష్టమేసింది కూడా. మూడు నెలలు పట్టింది మీకు."

"తప్పయిపోయిందోయ్."

"సరే, చెప్పారుగా." కాసేపు నడిచి, "రేపటి నుంచి హాల్లో ఒక మూల కుర్చీ వేస్తాను. క్లాసుకి రావక్కర్లేదు. హాయిగా పేపరు చదువుకోండి," అంది.

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. ఓడిపోయి కూడా గెలిచానని ఇంటిదాకా ఈల వేసుకుంటూ వచ్చాను.

మర్నాడు ఐదింటికి కుర్చీ హాల్లోకి వచ్చింది. మా ఆవిడే దుప్పటి తీసి, దులిపి, మూలన వేసింది. కాళ్లు చాపాను. పేపరు తెరిచాను. క్లాసు మొదలైంది. మొదటి పేజీ చదివాను. రెండో పేజీ తిప్పాను. పిల్లలు కాలెత్తారు. గడియారం లెక్క అందుకుంది. వెనక వరసలో నా చోటు ఖాళీగా ఉంది. చూడకూడదనుకుంటూనే చూశాను. నా చుక్క నాకు కనిపిస్తోంది. గోడ మీద, స్విచ్చికి కాస్త పైన.

ఎప్పుడు లేచానో తెలియదు. చుక్క చూస్తూ కాలెత్తాను.

మా ఆవిడ ఇద్దరు పెద్దపిల్లలకి కళ్లతో ఏదో సైగ చేసింది. వాళ్లు చెరోవైపు పట్టుకుని నా వాలుకుర్చీని ఎత్తారు. నా కళ్ల ముందు నుంచే, నా పేపరుతో సహా, బాల్కనీ వైపు మోసుకెళ్తున్నారు. 'ఆగండి' అని అరుద్దామనుకున్నాను. కానీ అప్పటికి గడియారం ముప్ఫై ఎనిమిదిలో ఉంది.